మూడేళ్లుగా ఎరిగిన మనిషి

ఆమెకు పెద్దలు పెట్టిన పేరు ఒకటుంది. అది హాజరు పట్టీలో, పాస్‌పోర్టులో తప్ప ఇంకెక్కడా వినపడదు. ల్యాబుకు వచ్చే జనానికి ఆమె చీమమ్మ. రక్తం తీసే ముందు పసివాళ్లయినా, పండుముసలివాళ్లయినా అందరికీ ఒకటే మాట చెబుతుంది: "చీమ కుట్టినట్టుంటుంది, అంతే." ఆ మాటే పేరైపోయింది. ఆమె కూడా కాదనలేదు. పిలిచేవాళ్లు ఉండటమే గొప్ప అనుకునే స్థితిలో పేరును పట్టుకుని పేచీ ఏం పెట్టుకుంటుంది?

రక్తం తీసే గది మెట్ల కింద ఉంది. ఒక కుర్చీ, చెయ్యి ఆనించడానికి ఒక చెక్క, గోడ వారన ఎర్ర మూత, ఊదా మూత, నీలం మూత ట్యూబుల స్టాండు. కిటికీ లేదు. పొద్దున ఆరున్నరకు తలుపు తీస్తే పదకొండు దాకా తలెత్తే తీరిక ఉండదు. ఆమె పనితనమంతా మాటల్లో పెట్టడంలో ఉంది. "మీ అల్లుడు ఫోన్ చేశాడా?", "మోకాలు ఎలా ఉంది పిన్నీ?" అంటూ ఏదో ఒకటి అడుగుతుంది. వాళ్లు జవాబు చెప్పడంలో పడి సూది సంగతి మరిచిపోతారు. అలా తొమ్మిదేళ్లలో ఆ చుట్టుపక్కల కాపురాలన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. ఆమె సంగతి మాత్రం ఒక్కరికీ తెలియదు. అడగలేదని వాళ్లను ఆడిపోసుకోవడం ఎందుకు, ఆమె సందు ఇస్తేగా.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. చీమమ్మకు డాక్టరు కావాలని ఉంది. దూరదేశంలో ఒక వైద్య కళాశాల ఏటా పరాయి దేశాల వాళ్లకు నాలుగు సీట్లు ఇస్తుంది. ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో పనిచేసినవాళ్లకే ఇస్తుంది, చదువు ఖర్చు కూడా తనే పెట్టుకుంటుంది. కాకపోతే ముప్పై దాటకూడదు. ఆమె రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. మొదటిసారి డిగ్రీ పట్టాను పక్కకు తిప్పి స్కాన్ చేసిందట, చదవడం కుదరలేదని తిప్పి కొట్టారు. రెండోసారి అన్నీ నిలువుగానే పెట్టింది, అయినా ఇంటర్వ్యూకు పిలవలేదు. ఇప్పుడు ఇరవై తొమ్మిది నడుస్తోంది. ఇది తప్పితే ఇక లేదు.

ఈసారి ఫారంలో కొత్త పేజీ ఒకటి చేరింది. మీ గుణగణాల గురించి ఒకరు ఉత్తరం రాయాలి. ఆ మనిషి బంధువు కాకూడదు, పై అధికారి కాకూడదు, మిమ్మల్ని మూడేళ్లకు తక్కువ కాకుండా ఎరిగి ఉండాలి. ఉత్తరం నేరుగా కాలేజీకే పంపాలి, మీరు చూడకూడదు.

ప్రవేశ పరీక్షలకు రెండేళ్లు కళ్లు వాచేలా చదివిన మనిషి ఈ పేజీని చూసి నవ్వేసింది. ఇదేం పెద్ద పని అనుకుంది. హాస్టల్ మంచం మీద బాసింపట్టు వేసుకుని కాగితం మీద పేర్లు రాయబోయింది. అన్నయ్య బంధువు. పెంచిన పెద్దమ్మ లేదు, ఉన్నా బంధువే. ల్యాబు డాక్టరమ్మ పై అధికారి. రూంమేట్ ఒక కాల్ సెంటర్లో రాత్రి డ్యూటీ చేస్తుంది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నది రెండేళ్లు, ఇద్దరూ ఒకేసారి మెలకువగా ఉన్నది మహా అయితే నాలుగు రోజులు. టీ కొట్టతను "చక్కెర తక్కువ" అని గుర్తుపడతాడు, అది గుణగణాల్లోకి వస్తుందో రాదో. కాగితం తెల్లగానే ఉండిపోయింది. అప్పుడు భయమేసింది. సీటు రాదేమోనన్న భయం తర్వాతి మాట. ముందు వేసిన భయం వేరు. ఇంత పెద్ద ఊళ్లో, ఇన్నేళ్లకు, ఈ మనిషి నాకు తెలుసని చెప్పేవాళ్లు ఒక్కరైనా లేరా అని.

మర్నాడు పొద్దున దర్జీ బాబాయి వచ్చాడు.

ఆయన ఒకప్పుడు కోట్లు కుట్టేవాడు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు, భార్య పోయింది, పిల్లలు లేరు, మూడో అంతస్తులో ఒంటి గది. గుండెలో కవాటం మార్చారు కాబట్టి రక్తం పలచబడే మాత్రలు జీవితాంతం మింగాలి. పదిహేను రోజులకొకసారి నీలం మూత ట్యూబులో రక్తం ఇచ్చి, గడ్డకట్టే అంకె చూపించుకోవాలి. మాత్రలు లేని మామూలు మనిషికి అది ఒకటి ఉంటుంది, ఆయనకు రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. తగ్గితే కవాటం పట్టేస్తుంది, పెరిగితే లోపల ఎక్కడైనా రక్తం కారుతుంది. పలచటి రక్తం కనుక ఆయనకు సూది తీశాక అందరిలా ఒక నిమిషం దూది నొక్కితే చాలదు, ఐదు నిమిషాలు నొక్కాలి. ఆ ఐదు నిమిషాలూ చీమమ్మే పట్టుకుంటుంది. ఆరేళ్లుగా వాళ్లిద్దరి మాటలూ ఆ ఐదు నిమిషాల్లోనే.

ఆమె దూది నొక్కుతూ విషయం చెప్పింది. డాక్టరు కావాలన్న మాట పైకి అనడం అదే మొదలు.

బాబాయి అన్నాడు: "రాయడానికేం తల్లీ, రాస్తాను. కానీ నీ గురించి నాకేం తెలుసు?"

"ఆరేళ్లుగా చూస్తున్నారు కదా బాబాయ్."

"నన్ను నువ్వు చూస్తున్నావు. నా బీపీ, నా నిద్ర, మా ఆవిడ పోయిన తారీఖు, అన్నీ నీకు తెలుసు. నిన్ను నేనొక్క మాట అడిగిన పాపాన పోలేదు. కోటు కుట్టాలంటే పన్నెండు కొలతలు కావాలి. నీవి నా దగ్గర ఒక్కటీ లేదు."

ఆమె మొహం చిన్నబోయింది. ఏదో నాలుగు మంచి మాటలు రాసి పడెయ్యండి, అందరూ అలాగే చేస్తారు అని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేసింది. నలభై ఏళ్లు జనానికి జేబులు వంకర లేకుండా కుట్టినవాడు, ఉత్తరం మాత్రం వంకరగా రాస్తాడా?

"గడువు ఎన్నాళ్లుంది?" అన్నాడు.

"ఏడు వారాలు."

"అంటే ఇంకా మూడు పరీక్షలు. సరే. ఇక నుంచి నేనడుగుతాను, నువ్వు చెప్పు."

తర్వాతిసారి వచ్చినప్పుడు అలవాటు చొప్పున ఆమె "నిద్ర పడుతోందా బాబాయ్?" అంది. ఆయన వేలు అడ్డంగా ఊపి, జేబులోంచి పాత కొలతల పుస్తకం తీశాడు. అట్ట చిరిగి, అంచులు మాసిపోయిన పుస్తకం.

"అన్నం ఎవరితో తింటావు?"

అడిగింది చిన్న ప్రశ్నే. చీమమ్మకు చేతిలో దూది బరువెక్కినట్టయింది. హాస్టల్లో అంటే సరిపోయేది. కానీ ఆయన ఎక్కడ అని అడగలేదు.

"ఫోన్‌తో," అంది చివరికి. నవ్వుతూ చెప్పాలనుకుంది, నవ్వు రాలేదు. ఆయన కూడా నవ్వలేదు. పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం డబ్బా మూత తీసి, ఫోన్ బోర్లించి పెట్టి తింది. రెండు ముద్దలకే గది మరీ నిశ్శబ్దంగా ఉందనిపించి మళ్లీ తిప్పి పెట్టుకుంది.

రెండోసారి ఆయన అడిగింది ఎవరైనా అడిగేదే. "డాక్టరే ఎందుకవ్వాలి?"

దీనికి ఆమె దగ్గర జవాబు తయారుగా ఉంది. సేవ, మానవత్వం, చిన్ననాటి కల, అన్నీ కలిపి దంచిన పేజీన్నర. గడగడా అప్పజెప్పింది.

"అది కాగితం కోసం రాసుకున్నావు. నాకు చెప్పు."

ఆమె దూది వంక చూస్తూ నెమ్మదిగా అంది: "ట్యూబు నా చేతిలోంచి వెళ్లిపోతుంది బాబాయ్. లోపల మిషన్లో పెడతారు, రిపోర్టు కిటికీలోంచి ఇస్తారు. మనిషి వెళ్లిపోతాడు. కొందరు మళ్లీ రారు. నయమై రాలేదో, పోయి రాలేదో నాకెవరూ చెప్పరు. ఒకావిడ ప్రతి నెలా వచ్చేది, నాకు మిఠాయి బిళ్లలు తెచ్చేది. రెండేళ్ల క్రితం మానేసింది. ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఒక్కసారైనా మొదట్నించీ చివరిదాకా ఒక మనిషి పక్కన ఉండాలని ఉంది."

చెప్పాక సిగ్గేసింది. తన సంగతి అంతసేపు మాట్లాడినందుకు. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. బయట వరసలో ఎవరో గొణుగుతున్నారు.

మూడోసారి ఆయన ప్రశ్న ఏమీ వేయలేదు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"కాలేజీ వాళ్లు నాకు పంపిన ఫారంలో ఒక ప్రశ్న ఉంది తల్లీ. టైపు షాపతను చదివి వినిపించాడు. ఈమె తప్పు చేయగా మీరెప్పుడైనా చూశారా, అప్పుడేం చేసింది అని. నువ్వు మా ఇంటికొచ్చావే, ఆ రోజు సంగతి రాస్తాను."

చీమమ్మ దూది ఇంకాస్త గట్టిగా నొక్కింది.

నాలుగేళ్ల కిందటి మాట అది. ఒక సోమవారం వరస వీధిదాకా ఉంది. ట్యూబు మీద పేరు చీటీ రక్తం తీశాకే, మనిషి ఎదుటే అంటించాలన్నది ఆ పనిలో మొదటి పాఠం. టైము కలిసొస్తుందని ఆమె ఆ రోజు చీటీలు ముందే అంటించి పెట్టుకుంది. పక్కపక్కన ఇద్దరు ముసలాయనలు, రెండు నీలం మూతలు. ఒకరిది ఒకరికి పడింది. మూడు గంటలకు రిపోర్టుల మీద కన్ను పడితే బాబాయి అంకె ఒకటి, హెర్నియా ఆపరేషనుకు వెళ్లబోయే ఇంకో ఆయన అంకె రెండు పాయింటు ఎనిమిది. రిపోర్టులు అప్పటికే వెళ్లిపోయాయి. డాక్టరమ్మ ఊళ్లో లేదు. ఆమె ఖాళీ ట్యూబు సంచిలో వేసుకుని బస్సెక్కింది, మూడంతస్తులు ఆగకుండా ఎక్కింది. బాబాయి అప్పటికే తన డాక్టరుకు ఫోన్‌లో అంకె చెప్పాడు. సాయంత్రం నుంచి మాత్ర రెండింతలు వేసుకోమన్నారు. డబ్బా మూతలో రెండు మాత్రలు తీసి పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె అందులోంచి ఒకటి తీసేసింది. "తప్పు నాది బాబాయ్, ట్యూబులు మార్చేశాను," అని చెప్పి, మళ్లీ రక్తం తీసి, ఆ కుట్టుమిషను పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఏడ్చింది. ఆయన మంచినీళ్లిచ్చాడు. ఇద్దరూ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

"అది వద్దు బాబాయ్," అందిప్పుడు. "వాళ్లు చదివితే నా పుట్టి మునుగుతుంది. ట్యూబులు మార్చేదానికి సీటెవరిస్తారు?"

"నిన్ను నిన్నుగా నేను చూసింది ఆ ఒక్క రోజే తల్లీ. మిగతా ఆరేళ్లూ చీమమ్మనే చూశాను."

"రాస్తారా?"

"తెలిసింది రాస్తాను. ఏం రాశానో నువ్వు అడక్కూడదని ఫారంలోనే ఉంది." చొక్కా చెయ్యి దించుకుని వెళ్లిపోయాడు. ఉత్తరం వెళ్లింది. ఏముందో ఆమెకు తెలియదు.

ఇంటర్వ్యూ పిలుపు రానే వచ్చింది. వీడియోలో, ఆదివారం మధ్యాహ్నం. హాస్టల్ గదిలో రూంమేట్ నిద్రపోతుంటుంది కనుక డాక్టరమ్మను అడిగి ల్యాబు తాళాలు తీసుకుంది. మెట్ల కింద గదిలో సిగ్నల్ ఒక్క మూలనే వస్తుంది, ఆ మూలలో ఉన్నది రోగుల కుర్చీ. తొమ్మిదేళ్లలో అందులో కూర్చోవడం అదే మొదలు. చెయ్యి దానంతటదే వెళ్లి చెక్క మీద ఆనుకుంది.

తెర మీద ముగ్గురు. నెరిసిన జుట్టు పెద్దావిడ, ఒక కళ్లజోడాయన, ఎంతసేపూ ఏదో రాసుకునే ఇంకొకాయన. మొదటి పావుగంట సాఫీగా సాగింది. అప్పుడు పెద్దావిడ అడిగింది: "మీ పనిలో మీరు చేసిన ఒక తప్పు చెప్పండి."

దీనికీ ఒక జవాబు బట్టీ పట్టి ఉంది. పనిలో పడి అన్నం తినడం మరిచిపోతాను, అదే నా తప్పు. అలా చెబితే మెచ్చుకుంటారని ఎవరో వీడియోలో చెప్పారు. వాళ్ల ముందున్న కాగితాల్లో బాబాయి ఉత్తరం ఉంది. అందులో ట్యూబుల సంగతి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉంటే ఈ అన్నం కథ చెప్పి అడ్డంగా దొరికిపోతుంది. లేకపోతే తన నోటితో తానే చెడగొట్టుకుంటుంది. ఎటు చూసినా గొయ్యే.

ట్యూబుల సంగతి చెప్పింది. చీటీలు ముందే అంటించడం దగ్గర్నుంచి మాత్ర తీసేయడం దాకా.

కళ్లజోడాయన కాగితం వంక చూసి తలాడించాడు. బాబాయి రాశాడన్నమాట. గండం గడిచింది అనుకుంటుండగా పెద్దావిడ మామూలుగా ఇంకో ప్రశ్న వేసింది: "మరి ల్యాబు రిజిస్టరులో ఏమని రాశారు?"

ఈ సంగతి బాబాయికి తెలియదు. భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. జరిగింది జరిగినట్టు రాశానంటే సరి, ఆ దేశం కాని దేశం నుంచి ఎవరొచ్చి రిజిస్టరు తిరగేస్తారు? నాలుగేళ్లుగా ఆ ఒక్క ముక్క ఆమె కడుపులో ఉంది. చెప్పుకోవడానికి మనిషి లేక ఉంది.

"శాంపిల్ గడ్డకట్టింది, మళ్లీ తీయడమైనది అని రాశాను," అంది. "అది అబద్ధం. ఇంకో ఆయనకు కూడా ఫోన్ చేసి అదే చెప్పి మళ్లీ పిలిపించాను. బాబాయి ఒక్కడికే నిజం చెప్పాను."

"ఎందుకు?"

"ఉద్యోగం పోతుందని. పోతే వెళ్లడానికి నాకు చోటు లేదు."

పెద్దావిడ థాంక్యూ అంది. తెర నల్లబడింది. చీమమ్మ చాలాసేపు ఆ కుర్చీలోనే కూర్చుంది. పరాయి దేశపు ముగ్గురికి చెప్పిన మాట, రోజూ మొహం చూసే డాక్టరమ్మకు చెప్పకపోవడం మరీ సిగ్గుమాలినతనంగా తోచింది.

సోమవారం చెప్పేసింది. డాక్టరమ్మ అరవలేదు. అటక మీంచి పాత రిజిస్టరు దింపించి, ఆ పేజీ తీసి, పక్కన ఎర్ర సిరాతో జరిగింది రాయించి, ఈనాటి తారీఖు వేయించి సంతకం పెట్టించింది.

"అప్పుడే చెప్పుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని," అంది. "రెండు నెలలు సూది ముట్టుకోవద్దు. రిపోర్టుల కిటికీలో కూర్చో."

అలా చీమమ్మ అద్దం వెనక్కి వెళ్లింది. పేరు అడగడం, కవరు అందించడం, అంతే పని. మాట్లాడటానికి ఎవరూ ఆగరు. ఆమె కూర్చున్న మూడో వారం, ఒక మంగళవారం పదకొండింటికి, ఫోన్‌లో కాలేజీ ఉత్తరం వచ్చింది. నాలుగు సీట్లలో ఒకటి ఆమెది.

మూడుసార్లు చదువుకుంది. కిటికీలోంచి బయటికి చూసింది. వరసలో ఉన్న ఒకాయన "నాది వచ్చిందామ్మా?" అని అడిగాడు, తన రిపోర్టు గురించే. సాయంత్రం అన్నయ్యకు ఫోన్ చేస్తే, "మంచిదేగా, మీటింగులో ఉన్నాను, మళ్లీ చేస్తా," అన్నాడు. మళ్లీ చేయలేదు. రూంమేట్ ముసుగు తన్ని నిద్రపోతోంది. లేపి చెబితే ఏమంటుందో ఊహించుకుని మానేసింది. బాబాయి పరీక్షకు ఇంకా ఎనిమిది రోజులుంది. ఇల్లు తెలుసు. కానీ తప్పు చేసినప్పుడు ఆగకుండా ఎక్కిన మెట్లు, సీటొచ్చినప్పుడు ఎక్కడానికి మొహమాటం అడ్డొచ్చింది. ఎనిమిది రోజులు ఆ ఉత్తరాన్ని ఒంటరిగా మోసింది. ఇంత సంతోషం ఇంత బరువుంటుందని ఆమె అనుకోలేదు.

ఎనిమిదో రోజు ఆయన, సూది పనికి ఆ వారమే చేరిన పిల్ల దగ్గర రక్తం ఇచ్చి, మోచెయ్యి మడిచి, దూది పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఆ కొత్త పిల్ల మంచిదే," అన్నాడు. "పిడికిలి బిగించండి, వదలండి, అంతే. చీమ ఊసే లేదు." తర్వాత ఆమె మొహం చూశాడు. "చెప్పు."

"వచ్చింది బాబాయ్."

ఆయన తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. "ఎప్పుడు వెళ్లాలి?"

"మూడు నెలల్లో."

"అంటే ఇంకో ఆరు పరీక్షలు," అన్నాడు. ఆయన కాలాన్ని అలాగే లెక్కపెడతాడు.

"ఇప్పుడు చెప్పొచ్చుగా బాబాయ్. ఏం రాశారు?"

"ఆ రోజు సంగతే. అది నీకు తెలుసుగా." దూది వంక చూసుకున్నాడు. "చివర్లో ఇంకో ప్రశ్న ఉంది. ఈమెకు సీటు రావడం వల్ల మీకు లాభంగాని, నష్టంగాని ఏమైనా ఉందా అని. టైపు షాపతను అందరూ లేదనే పెడతారండీ అన్నాడు. నేను ఉందని పెట్టమన్నాను."

"ఏముంది బాబాయ్?"

"కింద వివరం రాయాలట. రాయించాను. నేను ఎలా ఉన్నానని అడిగే మనిషి ఈమె ఒక్కతే, ఈమెకు సీటు వస్తే నాకు నష్టం, అయినా ఇవ్వండి అని."

అద్దానికి అవతల ఆయన మోచేతి దగ్గర దూది ఎర్రబడి, ఒక చుక్క చొక్కా మీదికి జారుతోంది. కొత్త పిల్లకు ఐదు నిమిషాల సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

డాక్టరమ్మ సూది ముట్టుకోవద్దంది గాని, దూది వద్దనలేదు. చీమమ్మ కిటికీ మూసి, పక్క తలుపులోంచి బయటికి వచ్చి, కొత్త దూది పెట్టి ఆయన చెయ్యి పట్టుకుంది. వరసలో వాళ్లు రిపోర్టులని కేకలేస్తున్నా ఐదు నిమిషాలూ వదల్లేదు.